చర్చి డాబా మీద బంతులు వేసిన రోజు

వరద గోదారి మీద హెలికాప్టరు నిలబెట్టి, ఒక చేత్తో దాన్ని నడుపుతూ, రెండో చేత్తో తాడు వదిలి, ఒక లంక లంకంతటినీ గొడ్డూ గోదాతో సహా పైకి లాగి ఒడ్డున పెట్టినవాణ్ణి నేను. ఈ సంగతి అమలాపురంలో చాలామందికి తెలుసు. ఎలా తెలుసంటే, చాలామందికి నేనే చెప్పాను. క్షవరం చేయించుకుంటూ చెప్పాను, కోర్టు ఎదురుగా టీ కొట్లో చెప్పాను, మా ఆవిడ తరఫు పెళ్ళిళ్ళలో ఎవరూ అడక్కుండానే చెప్పాను. చెప్పిన కొద్దీ గోదారి కొంచెం కొంచెం వెడల్పయింది, గాలి జోరు పెరిగింది. మొదట్లో గొడ్లు లేవు. నాలుగైదు పెళ్ళిళ్ళు దాటాక అవి కూడా వచ్చి చేరాయి.

ఇప్పుడు దీన్ని కాగితం మీద పెట్టడానికి కారణం మా మేనత్త సువార్తమ్మ. తొంభై దాటిన మనిషి. కంటి ఆపరేషను చేయించుకుని కొన్నాళ్ళుగా మా ఇంట్లోనే ఉంటోంది. కళ్ళల్లో చుక్కలు వేశాక కాసేపు కళ్ళు మూసుకుని పడుకోవాలి. ఆ కాసేపూ ఆవిడకి తోచదు. మొన్న అలా పడుకుని ఉండగా మా ఇంటి మీదుగా ఒక హెలికాప్టరు బాగా కిందుగా వెళ్ళింది. వరద చూడ్డానికి వచ్చిన పెద్దమనుషులెవరో. పెంకులు అదిరాయి, మా ఆవిడ విమల ఆరేసిన బట్టల కోసం పెరట్లోకి పరిగెత్తింది. అత్త మాత్రం కళ్ళు తెరవకుండానే, "ఒరేయ్ అబ్బులూ, అందులో ఉన్నవాళ్ళు అన్నాలు తిని బయల్దేరి ఉంటారంటావా?" అంది.

అబ్బులు అంటే నేనే. సర్వీసులో నాకు వేరే పేరుండేది, ఆ పేరుకి సెల్యూట్లు కూడా వచ్చేవి. ఈవిడ ఆ పేరు ఒక్కసారి కూడా పలకలేదు. ఆ మాట వినగానే నాకు నవ్వొచ్చింది, నవ్వు వెనకాలే మా లంకలోని ఇల్లు, ఆ ఇంటి వెనకాలే ఆ వరద రోజు, అన్నీ ఒకదాని తోక పట్టుకుని ఒకటి వచ్చేశాయి. సరే, ఈసారి గొడ్లు లేకుండా రాద్దామని కూర్చున్నాను.

మా నాన్న సఖినేటిపల్లి రేవులో లాంచీ నడిపేవాడు. ఇల్లు రేవుకి ఆనుకునే ఉండేది, నేను బడికని బయల్దేరి లాంచీ ఎక్కేసేవాణ్ణి. వీడు రేవులో ఉంటే అక్షరం ముక్క రాదని తేల్చి, నన్ను తీసుకెళ్ళి ఆయన అక్కగారి దగ్గర పడేశారు. అత్త లంకలో ఎలిమెంటరీ బడి టీచరు. గోదారి రెండు పాయల మధ్య మెరకలో చిన్న ఊరు అది. ఊళ్ళో సగం మంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు, మిగతా సగం మంది చదువుకోకుండా తప్పించుకున్నవాళ్ళు. రెండు రకాలవాళ్ళకీ ఆవిడంటే భయమే.

ఆ ఇంట్లో తెల్లవారడమంటే కొబ్బరి మట్టలు పొయ్యిలో చిటపటలాడడం. ఆ పొగకి ఒక తీపి ఉండేది, తడి మట్ట అయితే తీపి పోయి కళ్ళు మండేవి. దానికి పక్కన పెరట్లో నానబెట్టిన కొబ్బరి పీచు వాసన, వానాకాలంలో కొత్తనీటి బురద వాసన, ఆదివారమైతే చింతచిగురు రొయ్యల కూర. కూర గిన్నె దించాక ప్రార్థన. అత్త ప్రార్థనలో ఊళ్ళో జబ్బుపడ్డవాళ్ళందరి పేర్లూ వచ్చేవి, తరవాత పడవ మీద వెళ్ళినవాళ్ళ పేర్లు, తరవాత లెక్కలు రాని పిల్లల పేర్లు. నా పేరు ఎప్పుడూ ఆఖరి గుంపులో వచ్చేది. నేను ఒక కన్ను తెరిచి రొయ్యలు లెక్కపెట్టుకునేవాణ్ణి.

ప్రార్థన అయిపోయినా తినడానికి వీల్లేదు. ఆ ఇంట్లో ఎవరూ ఎవరికంటే ముందు తినకూడదు. పోస్టుమేను వచ్చినా, పడవ కళాసీ వచ్చినా, బడి తనిఖీకి పెద్ద ఆఫీసరు వచ్చినా ఇదే వరస. ముందు మీరు కానివ్వండి అని అత్త, అబ్బే మీరు కూర్చోకుండా ఎలాగండీ అని వాళ్ళు. అప్పటికింకా బతికున్న మావయ్య మధ్యలో వస్తే ఆయన్ని కూర్చోమని ఇద్దరూ, ఆయన వాళ్ళిద్దర్నీ. మా అత్త ఇంట్లో ఎవరైనా ఏదైనా వేడివేడిగా తిన్నట్టు నాకు గుర్తులేదు. ఒకళ్ళనొకళ్ళు బతిమాలుకునేసరికి కూర మీద నూనె పేరుకుపోయేది. ఆ తనిఖీ ఆఫీసరు ఒకసారి ఆకలికి తట్టుకోలేక గభాల్న కూర్చుని తినేస్తే, ఆ సంగతి లంకలో చాలా ఏళ్ళు చెప్పుకున్నారు.

దీనికి ఒక్కటే మినహాయింపు ఉండేది. పెళ్ళిళ్ళకీ క్రిస్మసుకీ చర్చి ఆవరణలో బంతి భోజనాలు పెట్టినప్పుడు. అక్కడ అత్త చప్పట్లు కొట్టి "పిల్లల బంతి" అనేది. అంతే, పిల్లలందరం చాపల మీద వరసగా కూలబడేవాళ్ళం. తరవాత పొరుగూరి చుట్టాల బంతి. తరవాత ముసలీ ముతకా. తరవాత ఊళ్ళోవాళ్ళు. ఆఖరున వడ్డించినవాళ్ళు. అక్కడ ఎవరూ ఎవర్నీ బతిమాలేవారు కాదు. ముందు కూర్చున్నవాడు మర్యాద తప్పినవాడూ కాడు, వెనక కూర్చున్నవాడు చిన్నబోయినవాడూ కాడు. వరస ఎవరో పెట్టేశారు, అంతే. ఇదంతా అప్పుడు నేను గమనించానని చెప్పను. అప్పుడు నేను గమనించింది పిల్లల బంతికి మాంసం ముక్కలు చిన్నవి వేస్తారని మాత్రమే.

హెలికాప్టరు పైలట్‌ని ఎలా అయ్యానని ఎవరైనా అడిగితే, చిన్నప్పుడు గోదారి మీద గద్దల్ని చూసి అలా ఎగరాలని ఒట్టు పెట్టుకున్నానని చెబుతుంటాను. అది కూడా అబద్ధమే. కాకినాడలో డిగ్రీ చదివేటప్పుడు నా గదిలో ఉన్నవాడు పైలట్ల సెలక్షను పరీక్షకి వెళుతూ, ఒంటరిగా రైలెక్కడం భయమని నన్ను తోడు రమ్మన్నాడు. ఊరికే కూర్చోవడమెందుకని నేనూ దరఖాస్తు పెట్టాను. వాడు ఇంటికొచ్చేశాడు, నేను ఉండిపోయాను. ఆ ఉద్యోగం ఎలా ఉంటుందని అత్త అడిగినప్పుడు, ప్రాణాలు కాపాడడమే పని అని ఛాతీ విరుచుకుని చెప్పాను. అసలు పనిలో ఎక్కువభాగం ఎదురుచూడ్డం. క్యారమ్స్ ఆడుతూ, టీ తాగుతూ, వాన వైపు చూస్తూ కూర్చోవడం. కబురొస్తే పరుగు. మళ్ళీ వచ్చి క్యారమ్స్.

ఆ కబురు వచ్చినప్పుడు నేను సర్వీసుకి ఇంకా కొత్త. ఇక్కడ ఇంకొకటి ఒప్పుకోవాలి. హెలికాప్టరు నడిపింది నేను కాదు. నడిపింది మా కెప్టెను కురియన్, మలయాళీ, తక్కువ మాటల మనిషి. నేను పక్క సీట్లో కూర్చుని పెట్రోలు ముల్లు చూస్తూ, మ్యాపు పట్టుకుని, అడిగినప్పుడు జవాబు చెప్పేవాణ్ణి. తాడు లాగింది కూడా నేను కాదు. అది తాడు కాదు, ఇనప తీగ. దాన్ని యంత్రం లాగుతుంది. ఆ యంత్రం దగ్గర, వెనక తలుపు పక్కన బల్వంత్ అనే హర్యానా వాడు పడుకుని కిందికి చూస్తూ, కొంచెం ముందుకి, కొంచెం ఎడమకి అని చెబుతూ ఉంటాడు. ఎందుకంటే నడిపేవాడికి తన కింద ఏముందో కనిపించదు. కడుపు కింద మనిషి వేలాడుతుంటే, ఎదురుగా ఏదో ఒక చెట్టునో స్తంభాన్నో చూస్తూ కదలకుండా నిలబెట్టాలి. నీళ్ళ మీద అదీ కష్టం. రెక్కల గాలికి నీళ్ళు చెదిరి, మనమే కదిలిపోతున్నట్టు ఉంటుంది.

గట్టు తెగింది మా లంక వైపే అని బయల్దేరేటప్పుడు నాకు తెలియదు. పైనుంచి చూసినా పోల్చుకోలేకపోయాను. నేను పెరిగిన ఊరు, ఏ ఇంటి వెనక ఏ జామచెట్టుందో తెలిసిన ఊరు, ఎర్రటి నీళ్ళలో కొబ్బరి మొవ్వులు మాత్రం చీపుళ్ళు బోర్లించినట్టు తేలుతుంటే ఇదెక్కడి ఊరా అనుకున్నాను. చర్చి శిలువ చూశాక గాని అది మా లంకేనని తెలియలేదు. చర్చికి ఆనుకుని కొత్తగా కట్టిన డాబా ఒకటి ఉంది, ఊరి మొత్తానికీ అదే ఎత్తు. దాని మీద జనం. గోదారి వైపు గోడలో పైనుంచి కిందికి ఒక పగులు. నీళ్ళు ఆ పగులు దగ్గరే సుడి తిరుగుతున్నాయి.

బల్వంత్ పట్టీ కిందికి వదిలాడు. అది చంకల కిందనుంచి తగిలించుకునే వెడల్పాటి పట్టీ, పిల్లాడైనా తగిలించుకోగలడు. మామూలుగా ఎక్కడైనా అది కిందికి దిగగానే జనం మీదపడి కొట్టుకుంటారు. వాళ్ళని ఆపడమే మా పని. ఇక్కడ పట్టీ దిగింది, ఎవరూ ముట్టుకోలేదు. తరవాత ఒకాయన దాన్ని రెండు చేతులా పట్టుకుని పక్కాయనకి అందించాడు. ఆయన వంగి దండం పెట్టి ఇంకొకావిడకి అందించాడు. ఆవిడ వెనక్కి తగ్గి, వేరే ఎవరినో చూపించింది. సభలో పూలదండలా అది డాబా అంతా తిరుగుతోంది. నీ వాళ్ళు ఏం చేస్తున్నారని కెప్టెను నన్నడిగారు. నేను పక్కకి వంగి చూశాను. పట్టీ ఎవరి వైపు వస్తోందో, చెయ్యి అడ్డంపెట్టి దాన్ని వెనక్కి పంపుతున్నది ఎవరో చూశాను. మా అత్త.

మర్యాద చేసుకుంటున్నారు సార్ అన్నాను. అది ఎంతసేపు పడుతుంది అన్నారాయన. మా వైపు కాఫీకే చాలాసేపు పడుతుందండీ అన్నాను. ఆయన నవ్వలేదు, పెట్రోలు ముల్లు చూపించారు. తరవాత నేనే ముందుకొచ్చి, సార్, నేను దిగుతాను, అది నా ఊరు అన్నానని పెళ్ళిళ్ళలో చెబుతుంటాను. నిజానికి ఆయన బొటనవేలు కిందికి చూపించారు. ఎవరిని అంటున్నారా అని నేను వెనక్కి తిరిగి చూశాను.

దిగినంతసేపూ కళ్ళు మూసుకునే ఉన్నాను. ఒక కొబ్బరి మట్ట చెంప మీద కొట్టింది. కాళ్ళ మీద నిలబడదామనుకున్నాను గాని డాబా తడి మీద జారి, ఎవరో కాపాడుకున్న ఆవకాయ జాడీ పక్కన కూలబడ్డాను. అయితే ఆ క్షణంలోనే భయం పోయింది, ఇంక ఆ తరవాత నాకు భయమన్నదే లేదు. కెప్టెను హెలికాప్టరుని కాస్త దూరం జరిపితే మాటలు వినపడ్డాయి. అత్త వంగి నా మొహంలోకి చూసి, "ఏరా, ఇలా చిక్కిపోయేవు?" అంది. అందరికీ నన్ను చూపించి మా తమ్ముడి కొడుకు అని చెప్పింది. అందరూ వందనాలు పెట్టారు. కొబ్బరి దింపు తీసే సత్తియ్య తడిసిన తలపాగా తీసి, "ఆయ్, ఎప్పుడొచ్చేరండీ?" అన్నాడు. ఇప్పుడేనండి అన్నాను. ఇంకేమనను.

ఎందుకు ఎక్కరని అడిగితే, టీచరమ్మగారు ఎక్కకుండా మేం ముందెక్కితే ఏం బాగుంటుందండి అని మగవాళ్ళు. పిల్లలుండగా నేనెలా ఎక్కుతాను అని అత్త. పెద్దవాళ్ళని వదిలేసి పిల్లల్ని ఎక్కిస్తే ఉసురు తగలదా అని తల్లులు. పొరుగు లంక నుంచి చుట్టపుచూపుగా వచ్చి ఇరుక్కుపోయినవాళ్ళయితే, ఊరివాళ్ళు తేల్చుకునేదాకా మధ్యలో మేమెవరం అని ఒక మూల నిలబడ్డారు. నేను సర్వీసులో నేర్చుకున్న గొంతుతో ఆర్డర్లు వేశాను. ఒక్కరూ కదల్లేదు. ఒక ముసలావిడ నా మోచెయ్యి పట్టుకుని, గొంతు పోద్ది బాబూ, అరవకు అంది. అప్పుడే పిట్టగోడలోంచి ఒక పెళ్ళ ఊడి నీళ్ళలో పడింది. అందరూ దాని వైపు చూశారు. చూసి, మళ్ళీ ఒకళ్ళతో ఒకళ్ళు, మీరు కానివ్వండి, మీరు కానివ్వండి.

వాళ్ళు భయం లేక అలా అనడం లేదు. ఆడవాళ్ళ పెదవులు నల్లబడిపోయి ఉన్నాయి. ముందు నేను అన్నవాడు ఆ తరవాత ఎన్నేళ్ళు బతికినా ఆ ఊళ్ళో ముందు నేను అన్నవాడుగానే బతకాలి, ఆ భయం నీళ్ళ భయం కంటే పెద్దది. ఆ సంగతి నాకు తెలుసు, ఎందుకంటే చల్లారిన కూర తిని పెరిగినవాణ్ణి. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. చప్పట్లు కొట్టి, పిల్లల బంతి అని అరిచాను.

పిల్లలు, ఎవరూ చెప్పకుండానే, వరసగా వచ్చి నా ముందు కూర్చున్నారు. తల్లులు వాళ్ళ జుట్లు సరిచేశారు. నేను చెయ్యెత్తి హెలికాప్టరుని పిలిచాను. పిల్లలు కిలకిలా పైకి వెళ్ళిపోయారు. దగ్గర్లో ఎత్తయిన ఏటిగట్టు ఉంది, కెప్టెను వాళ్ళని అక్కడ దించి వచ్చేసరికి పొరుగూరి చుట్టాలు తమంతట తామే ముందుకొచ్చి నిలబడి ఉన్నారు. తరవాత ముసలీ ముతకా. ఎవరూ ఎవర్నీ బతిమాలలేదు. అత్త ఒక పక్కన కొబ్బరి తాడు ముక్కలతో నిలబడి, ప్రతి ఆడమనిషి చీరనీ మోకాళ్ళ కింద బిగించి కట్టి పంపింది. గట్టు మీద ఊరంతా తలలెత్తి చూస్తోంది మరి. సత్తియ్య వంతు వచ్చేసరికి కళ్ళు మూసుకున్నాడు. రోజూ చెట్లెక్కేవాడివి నీకేంటయ్యా అంటే, "చెట్టయితే పట్టుకోడానికి ఉంటదండీ" అన్నాడు, కళ్ళు తెరవకుండానే.

ఆఖరికి వడ్డించినవాళ్ళు మిగిలాం, అత్తా నేనూ. గోదారి వైపు గోడ పగులు అరచెయ్యి దూరేంత అయింది. కెప్టెను కిటికీలోంచి ఒక వేలు చూపించారు. అంటే పెట్రోలు ఇంకొక్కసారికే వస్తుంది, ఆ తరవాత రాజమండ్రి వెళ్ళి నింపుకోవాలి, వచ్చేసరికి చీకటి. పట్టీలు రెండు వదిలారు. అత్త నా వైపు తిరిగి, నువ్వెళ్ళిపో అంది. తన చీరకి తాడు కట్టేవాళ్ళు ఎవరూ లేరట, ఊరందరూ చూస్తుండగా టీచరు అలా గాల్లో వేలాడితే రేపు బడిలో పిల్లలు మాట వినరట, పడవ ఏదైనా వస్తే అందులో వస్తుందట. అలా అంటుండగానే ఆ గోడ బయటికి ఒరిగి, చప్పుడే లేకుండా గోదార్లో కలిసిపోయింది. కాళ్ళ కింద శ్లాబు ఊగింది.

నన్ను పెంచిన మనిషి. ఆవిణ్ణి అక్కడ వదిలితే నాకు తరవాత ఏమీ ఉండదు. నేను ఆ తడి డాబా మీద కూర్చుండిపోయాను. నువ్వు రాకపోతే నేనూ రాను అన్నాను. కెప్టెను ఎంత చెయ్యి ఊపినా లేవలేదు. అత్త నన్నూ, గోడ ఉన్న చోటునీ, పైన హెలికాప్టరునీ మార్చి మార్చి చూసింది. తరవాత కొంగు నడుముకి చుట్టి, మిగిలిన తాడు ముక్క తనే చీరకి కట్టుకుంది. ఇద్దర్నీ ఒకే తీగ మీద లాగారు. సగం దూరంలో ఆవిడ కిందికి చూసింది. మా ఇల్లు ఉన్నచోట పెంకుల నడికొప్పు మాత్రం, నీళ్ళ మీద గీత గీసినట్టు. లోపలికి వెళ్ళాక కొంగు పిండి నా మొహం తుడిచింది. రెక్కల గాలికి నీళ్ళు మొహం మీద పడి ఉంటాయి. గట్టు మీద దిగి వెనక్కి తిరిగి చూస్తే డాబా సగమే ఉంది. కాసేపటికి ఆ సగం కూడా లేదు.

ఆ తరవాత చాలా ఏళ్ళు నేను కూడా ముందు సీట్లో కూర్చుని నడిపాను. తుఫాన్లలో, వరదల్లో, సముద్రం మీద పడవల్లోంచి ఎందరినో ఎత్తించాను. ఒక్కరి మొహం నాకు గుర్తులేదు, చెప్పాను కదా, నడిపేవాడికి కింద ఉన్నది కనిపించదు. వాళ్ళు వెనక తలుపులోంచి ఎక్కుతారు, వెనక తలుపులోంచి దిగుతారు. నాకు కనిపించిన మొహాలు ఆ ఒక్కరోజువే. ఇప్పుడు వరదొస్తే ముందే ఫోన్లు మోగుతాయి, రంగు రంగుల పడవలు వస్తాయి, కుర్రాళ్ళు యూనిఫారాల్లో వచ్చి చక్కగా దింపుకెళతారు. మంచిదే. ఈ మధ్య పెళ్ళిళ్ళలో బంతులు లేవు, బఫేలు. పళ్ళేలు పట్టుకుని అందరం ఒకేసారి బిర్యానీ మీద పడతాం, కూర వేడిగానే తింటాం. నేను కూడా మోచేతులు బాగానే వాడతాను. ఆ డాబా మీద ఇప్పటి మేముంటే ఆ చిన్న హెలికాప్టరుని కిందికి లాగేసేవాళ్ళమని నాకు గట్టి నమ్మకం. అప్పటివాళ్ళు మర్యాదతో మునిగిపోయేవాళ్ళు, మేం తొందరతో మునిగిపోయేవాళ్ళం. ఏది నయమో నాకు తేలలేదు. దేనికి నవ్వొస్తుందో మాత్రం తెలుసు.

ఇంతవరకూ రాసి, నిన్న మధ్యాహ్నం అత్తకి కళ్ళల్లో చుక్కలు వేశాక చదివి వినిపించాను. గొడ్లు లేవని, నడిపింది నేను కాదని, అన్నీ ఒప్పేసుకున్నాను కాబట్టి ధైర్యంగానే చదివాను. విమల కూడా పని ఆపి గుమ్మంలో నిలబడి వింది. నేను డాబా మీద కూర్చుండిపోయిన చోట ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం చూసి, ఆ వాక్యాలు ఇంకోసారి చదివాను. అత్త చివరిదాకా కదలకుండా, మూసిన రెప్పల మీంచి కారిన మందుని దూదితో అద్దుకుంటూ వింది. బాగుందా అత్తా అన్నాను.

"బంతి మాట నీదే, కాదన్ను" అంది. "తక్కినది దిద్దుకో. నువ్వు కూర్చుంది నాకోసం కాదురా. తీగ కిందికి దిగడం చూసి కాళ్ళు చచ్చుబడి కూలబడ్డావు. చిన్నపిల్లాళ్ళా ఏడిచేవు. రానంటే రానని నా కాలు పట్టుకున్నావు. పట్టీ నీ చంకల కింద దూర్చింది నేను. ఒక్కణ్ణీ పంపితే దార్లో చేతులెత్తేసి పట్టీలోంచి జారిపోతావని రెండోది నేను తగిలించుకున్నాను. నన్ను నువ్వు తేవడం ఏవిటి? నిన్ను గట్టు మీద దింపి రావడానికి వచ్చేను నేను."